చిప్పలో గీత

నీలమ్మపేట, ఉద్దానం
ప్రభవ శ్రావణ శుద్ధ పంచమి

తమ్ముడు గణపతికి,

టెక్కలి నుంచి టపా మనిషి నిన్న నీ జాబు తెచ్చి ఇచ్చాడు. కలకత్తాలో వానలు తెరిపి లేకుండా కురుస్తున్నాయని రాశావు. ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. ఇక్కడ మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, పుష్యమి కార్తె కూడా ఈరోజుతో సరి. నారుమళ్ళు ఎండి పగిలిపోయాయి. కొబ్బరిచెట్లు ఉన్నాయి కాబట్టి దూరం నుంచి చూసేవాళ్ళకు ఊరు పచ్చగానే కనిపిస్తుంది.

బడిలో ఇరవై నలుగురు ఆడపిల్లలున్నారు. మొన్న ఎక్కాలు చెబుతూ పెద్దతల్లి అనే పిల్ల నిలుచున్నచోటే కూలిపోయింది. చెట్లెక్కి కాయలు దింపే అప్పన్న పెద్ద కూతురు. తొమ్మిదేళ్ళుంటాయి. నీళ్ళు చల్లి లేపి, "ఏం తిన్నావే?" అని అడిగాను. "తిన్నానండి పంతులమ్మగోరూ" అంది. "ఎప్పుడు?" అంటే "నిన్న" అంది. పక్కనున్న దాని చెల్లెలు గౌరి, "నిన్న కాదే, మొన్న" అని దిద్దింది.

ఎస్టేటు దివాను గోపాలరావు గారి దగ్గరకు వెళ్ళాను. చెడ్డవారు కారు. కుర్చీ వేయించారు, మజ్జిగ ఇప్పించారు. "అంబలి పోస్తే ఆకలి తీరుతుంది, నిజమే. కానీ ఎస్టేటు నడిపేది బడి, సత్రం కాదు కదమ్మా. అంబలి వల్ల చదువు బాగా వస్తుందని చూపించండి. పంట చేతికొచ్చేదాకా మా పదకొండు బళ్ళకూ అంబలికి చోళ్ళు పంపుతాను. చూపించడానికి మీ బడికి కొంత ముందుగా ఇస్తాను" అన్నారు.

పదకొండు బళ్ళు, గణపతీ. ఎలా చూపించాలో నాకు తెలియదు. మనసు సంగతులు కొలిచే శాస్త్రం నువ్వు చదువుతున్నావు. నాకు దారి చెప్పు.

అప్ప

కలకత్తా
11 ఆగస్టు 1927

అప్పా,

నీ జాబు మా ప్రొఫెసరు గారికి చదివి వినిపించాను. మొదట నవ్వారు, తరువాత నవ్వడం మానేశారు. జాగ్రత్తగా చేస్తే ఇది మంచి ప్రయోగమవుతుందన్నారు.

పద్ధతులు రెండున్నాయి. మొదటిది రెండు జట్ల పద్ధతి. పిల్లలను పన్నెండుమంది చొప్పున విడదీసి, ఒక జట్టుకు రోజూ అంబలి పోసి, రెండో జట్టుకు పోయకుండా, ప్రతి శనివారం అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. రెండోది వంతుల పద్ధతి. జట్లుండవు. అందరికీ ఒక వారం పోసి, మరుసటి వారం ఎవరికీ పోయకుండా, ఏ పిల్లనైనా ఆ పిల్లతోనే పోల్చాలి.

పరీక్ష తేలికే. ఒకదానితో ఒకటి సంబంధం లేని మాటలు పదిహేను చదువు. ఇసుక, గంట, పిల్లి, గొడుగు, అలా. పావుగంట ఆగి ఎన్ని గుర్తున్నాయో ఒక్కొక్కరినీ అడుగు. అంబలి జట్టు ఎక్కువ చెప్పగలిగితే దివాను గారికి అదే సాక్ష్యం.

మనకు మొదటి పద్ధతే మంచిది.

గణపతి

నీలమ్మపేట
శ్రావణ బహుళ తదియ

గణపతికి,

నువ్వు చెప్పిన రెండూ నాకు అర్థమయ్యాయి. రెండోదే చేద్దామని నా ప్రాణం కొట్టుకుంటోంది.

దివాను గారు పంపిన చోళ్ళు సగం మందికి రోజూ పోసినా రెండు నెలలే వస్తాయి, అందరికీ వారం విడిచి వారం పోసినా రెండు నెలలే వస్తాయి. ఖర్చులో తేడా లేదు. అలాంటప్పుడు ఒకే గదిలో పన్నెండుమంది తాగుతుంటే పన్నెండుమంది చూస్తూ కూర్చోవడం ఎందుకు? వంతుల పద్ధతిలో ఆకలి కూడా అందరికీ ఒకేసారి వస్తుంది, ఒకేసారి పోతుంది. పైగా ఒక పిల్లను ఇంకో పిల్లతో పోల్చడం నాకు ఎన్నడూ సరిగా తోచలేదు. గౌరికి జ్ఞాపకం ఎక్కువ, పెద్దతల్లికి ఓర్పు ఎక్కువ. గౌరిని గౌరితోనే పోల్చాలి.

పొరపాటైతే చెప్పు.

అప్ప

కలకత్తా
22 ఆగస్టు 1927

అప్పా,

పొరపాటని అనను. కానీ వంతుల పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. మాటలు గుర్తుపెట్టుకోవడం వారం వారం అలవాటవుతుంది. మూడో వారంలో ఎక్కువ చెబితే అది అంబలి వల్లా, అలవాటు వల్లా? రెండోది, ఈ వారం తాగిన బలం వచ్చే వారానికి కూడా ఒంట్లో మిగిలి ఉంటుంది. అప్పుడు తాగని వారం నిజంగా తాగని వారం కాదు.

బలం మిగిలితే మంచిదే కదా అంటావు. నాకు తెలుసు, అందుకే ముందే రాస్తున్నాను. దివాను గారు లా చదివినవారు. చిన్న సందు దొరికినా పదకొండు బళ్ళ చోళ్ళూ ఆ సందులోంచే పోతాయి. ఈ రెండు నెలలు పన్నెండుమంది ఓర్చుకుంటే ఆ తరువాత వందలమంది తింటారు.

ఇంకొక మాట. జట్లు నువ్వు విడదీయకు. జాలిపడి బక్కపిల్లలందరినీ అంబలి వైపు వేసేస్తావు. చీటీలు తీయించు. చీటీ పడ్డాక ఎవరు ఏడ్చినా ఎవరినీ మార్చకు. చీటీ ఎవరి ఇష్టానికీ లొంగదు, ఈ ప్రయోగానికి ప్రాణం అదే.

గణపతి

నీలమ్మపేట
భాద్రపద శుద్ధ సప్తమి

గణపతికి,

నువ్వు చెప్పినట్టే చేశాను.

చీటీలు మా ఊళ్ళో ఎక్కడ తీస్తారో నీకు తెలుసు. చెరువునీటి వంతులకైనా, వలల వంతులకైనా నీలమ్మ తల్లి ముందే తీస్తారు. నేనూ పిల్లలను అక్కడికే తీసుకువెళ్ళాను. ఇరవై నాలుగు చీటీలు పసుపునీళ్ళు చిలకరించి తల్లి పాదాల దగ్గర పోశాను. పన్నెండింటిలో చిప్ప బొమ్మ గీశాను, పన్నెండు ఖాళీ. ఒక్కొక్కతె దండం పెట్టుకుని తీసింది. చిప్ప వచ్చినవాళ్ళు కళ్ళకద్దుకున్నారు.

పెద్దతల్లికి చిప్ప వచ్చింది. గౌరికి ఖాళీ వచ్చింది.

సాయంత్రం అప్పన్న నడుముకు మోకు చుట్టుకునే వచ్చాడు. "ఏటి పంతులమ్మగోరూ, ఒక కడుపున పుట్టిన గుంటలు. ఒకర్తికి పోసి ఒకర్తికి పొయ్యరా?" అన్నాడు.

"నేను తీయలేదు అప్పన్నా, చీటీ అలా పడింది."

"ఎక్కడ తీసినారు?"

"అమ్మ ముందే."

నడుము మోకు విప్పి భుజాన వేసుకున్నాడు. "అమ్మే తీసీసినాక నానేటంతాను. మా సిన్నదాని మీద ఏటి కోపమొచ్చిందో" అని వెళ్ళిపోయాడు. వెళ్తూ రెండు లేత బొండాలు అరుగు మీద పెట్టాడు. అది నాకు మరీ కష్టంగా ఉంది.

ఖాళీ చీటీల పిల్లలు కూడా ఏడవలేదు. అమ్మ ఇచ్చింది వాళ్ళకు, మాకు ఇవ్వలేదు అనుకున్నారు, అంతే. అంబలి కొబ్బరిచిప్పల్లో పోస్తున్నాను. తాగని జట్టును బయట అరుగు మీద పలకలతో కూర్చోబెడుతున్నాను. గోడ తడికె గోడ. వాసన ఆగదు కదా.

అప్ప

కలకత్తా
14 సెప్టెంబరు 1927

అప్పా,

నువ్వు చీటీలు తీయించిన తీరు విని ప్రొఫెసరు గారు ఆశ్చర్యపోయారు. యూరపులో పేరున్నవాళ్ళు కూడా ఇంత శుభ్రంగా విడదీయరు, మీ అక్కగారిని మెచ్చుకోవాలి అన్నారు. ఇది నా పరీక్ష వ్యాసంగా రాయమన్నారు. శనివారం అంకెలు వెంట వెంటనే పంపు.

గౌరి గురించి బాధపడకు. ఇంకా ఏడు వారాలే.

గణపతి

నీలమ్మపేట
ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

గణపతికి,

మొదటి శనివారం: గుర్తున్న మాటలు అంబలి జట్టు మొత్తం డెబ్బై ఒకటి, రెండో జట్టు అరవై.
రెండో శనివారం: డెబ్బై ఎనిమిది, డెబ్బై ఆరు.
మూడో శనివారం: ఎనభై మూడు, ఎనభై నాలుగు.
నాలుగో శనివారం: ఎనభై ఆరు, ఎనభై ఆరు.

వాన లేదు.

అప్ప

కలకత్తా
6 అక్టోబరు 1927

అప్పా,

ఈ అంకెలు నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. మొదటి వారం తేడా కనిపించింది, తరువాత పూర్తిగా చెరిగిపోయింది. తాగనివాళ్ళు తాగినవాళ్ళతో సమానంగా ఎలా చెబుతున్నారు?

నీ జాబులో ఈసారి ఒక్క పిల్ల పేరు కూడా లేదు. అలా ఎప్పుడూ రాయవు. బడిలో నేను అనుకోనిది ఏదైనా జరుగుతోందా? తాగని జట్టుకు ఇంకెవరైనా తిండి పెడుతున్నారా? నువ్వు పెడుతున్నావా? పెడితే చెప్పు, కోప్పడను. దివాను గారికి పంపే కాగితంలో ఆ ప్రశ్నకు జవాబు రాయాలి, నీ చేత్తో రాసిందే జత చేయాలి.

గణపతి

నీలమ్మపేట
ఆశ్వయుజ బహుళ పాడ్యమి

గణపతికి,

నేను ఎవరికీ ఏమీ పెట్టడం లేదు. అనుకోనిది ఏమీ లేదు.

అప్ప

కలకత్తా
5 నవంబరు 1927

అప్పా,

ఎనిమిది వారాలూ కూడి చూశాను. మూడు విధాలుగా లెక్క కట్టాను. రెండు జట్లకూ తేడా లేదు. ఉన్న కాస్తా గాలివాటంగా వచ్చేంతది.

ఉన్నది ఉన్నట్టుగా దివాను గారికి పంపాను. పంపకుండా ఉండలేను. అబద్ధం రాసి పదకొండు బళ్ళకు అంబలి తెప్పించవచ్చునని ఒక రాత్రంతా అనుకున్నాను. తెల్లవారాక చేయి రాలేదు. నన్ను పెంచింది నువ్వు కదా.

వ్యాసం బాగుందన్నారు ప్రొఫెసరు గారు. ఫలితం లేదని తేలడం కూడా ఫలితమేనట.

గణపతి

నీలమ్మపేట
మార్గశిర శుద్ధ దశమి

గణపతికి,

దివాను గారి మనిషి వచ్చి మిగిలిన చోళ్ళ గోనె కూడా తీసుకుపోయాడు. పదకొండు బళ్ళకూ లేదని ఉత్తర్వు. ఇక నీకు చెప్పకుండా దాచడానికి ఏమీ మిగల్లేదు.

రెండో వారం బుధవారం. అంబలి తాగే వేళ లోపల చప్పుడు లేదు. చూస్తే పిల్లలు లేరు. బడి వెనక కొబ్బరితోటలోకి వెళ్ళాను. చెట్టుకు ఇద్దరు చొప్పున కూర్చున్నారు. పన్నెండు చిప్పలు, ఇరవై నలుగురు పిల్లలు. ప్రతి చిప్పలోనూ లోపలివైపు, సరిగా సగం దగ్గర, మేకుతో గీత గీసి ఉంది.

"గీత దాటీసినావే, నీది నోరా, నుయ్యా?" అని ఒకతె దెబ్బలాడుతోంది. "నీ గీతే వొంకరగుంది, నానేటి సేత్తాను" అని రెండోది.

పెద్దతల్లి నన్ను చూసి చిప్ప దాచలేదు. అప్పటికే గీత దాకా తాగి, మిగతాది గౌరి నోటికి అందిస్తోంది. "ఏమిటే ఇది?" అన్నాను. అది తెల్లబోయింది. అడగవలసిన ప్రశ్నలా దానికి తోచలేదు.

"అమ్మోరిచ్చిన పెసాదం కదండీ. ఒక్కర్తే తినీసేది పెసాదం కాదని మీరే సెప్పినారు కదండీ. సెల్లికి సీటీ రాలేదు గానండి, ఆకలొచ్చింది కదండీ."

నేనే చెప్పాను, గణపతీ. శ్రావణ శుక్రవారం పూజ నాడు ఆ పిల్లలకే చెప్పాను. చీటీలు బల్ల మీద పోసి తీయించి ఉంటే అంబలి అంబలిగానే ఉండేది. నేను దాన్ని అమ్మవారి ముందు పెట్టి ప్రసాదం చేశాను. ప్రసాదాన్ని పంచుకోవద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రాకూడదు కూడా.

నువ్వు అడిగినప్పుడు ఏమీ లేదని ఎందుకు రాశానో అదీ చెబుతాను. చెబితే నువ్వు ప్రయోగం చెడిపోయిందంటావు. చెడిపోయిందని తెలిస్తే దివాను గారు ఆ రోజే చోళ్ళు ఆపేస్తారు. అప్పటికి ఇంకా మూడు వారాల అంబలి ఉంది. సగం చిప్ప చొప్పున ఇరవై నలుగురికి మూడు వారాలు. తరువాత సంగతి అమ్మ చూసుకుంటుంది, అంకెలను ఆమే నిలబెడుతుంది అనుకున్నాను. అంకెలు ఆమె పని కాదు కాబోలు.

నిన్న దివాను గారి దగ్గరకు వెళ్ళి ఇదంతా చెప్పాను. ఓపికగా విన్నారు. "ఏమీ లేదని మీ చేత్తో రాసిన కాగితం నా దగ్గరుందమ్మా. ఇప్పుడు ఉందంటున్నారు. సరే, ఉందనే అనుకుందాం. సగం చిప్పతో అందరూ బాగానే చదివారన్నమాట. అంటే నిండు చిప్ప అక్కరలేదు. ఆ సగమూ లేకపోతే ఇలా చదివేవారు కాదని మీరు చూపించారా?" అన్నారు.

చూపించలేదు. ఆయన అన్నదాంట్లో తప్పు వెతుక్కుంటూ ఇంటిదాకా నడిచి వచ్చాను. దొరకలేదు.

బడికి తొమ్మిదిమంది వస్తున్నారు. పెద్దతల్లికి జ్వరం.

అప్ప

కలకత్తా
14 డిసెంబరు 1927

అప్పా,

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. కారణం రాసి ఇచ్చాను. వ్యాసం వెనక్కి తీసుకోవచ్చు కానీ ఉత్తర్వును తీసుకోలేను. దివాను గారికి రెండు జాబులు రాశాను, జవాబు లేదు.

నువ్వు కోరిన పద్ధతే సరైనది. అందరికీ పోసే వారం పంచుకోవలసిన అవసరం ఉండదు. ఎవరికీ లేని వారం పంచుకోవడానికి ఏమీ ఉండదు. అలవాటు చిక్కు ఉండేది, మిగిలిన బలం చిక్కు ఉండేది, కానీ ఆ తేడా గుడ్డివాడికి కూడా కనిపించేది. నీ మొదటి శనివారం అంకెలు చూడు. డెబ్బై ఒకటి, అరవై. అది ఒక్కటే నిజమైన ప్రయోగం. అప్పటికి వాళ్ళింకా పంచుకోవడం మొదలుపెట్టలేదు. తక్కిన ఏడు వారాలూ నేను సగం చిప్పను సగం చిప్పతో పోల్చాను.

పిల్లల మధ్య ఏ బంధమూ ఉండదనుకుని జట్లు విడదీశాను. అక్కచెల్లెళ్ళున్నారని నువ్వు పేర్లతో సహా రాశావు. చదివి కూడా చూడలేదు.

పెద్దతల్లికి ఎలా ఉంది? సోంపేటలో డాక్టరున్నాడని విన్నాను. బండి మాట్లాడి తీసుకువెళ్ళు.

గణపతి

నీలమ్మపేట
పుష్య శుద్ధ ఏకాదశి

గణపతికి,

నీ జాబు వచ్చేసరికి పెద్దతల్లి పోయి నాలుగు రోజులైంది. బండి అంతకుముందే కట్టించాను. మందస దాటాక దారిలోనే పోయింది. జ్వరం పెద్దది కాదు, ఒంట్లో తట్టుకునేది లేదు అన్నాడు అప్పన్న. ఏమైనా అంటాడని ఎదురుచూశాను. "మీ సేతి అంబలి తాగిన్నాళ్ళూ బాగుండీది పంతులమ్మగోరూ" అన్నాడు.

నువ్వు నిన్ను తిట్టుకోవద్దు. నువ్వు దూరం నుంచి చూశావు, కనిపించలేదు. నేను దగ్గరుండి చూశాను, చెప్పలేదు. గుడికి రోజూ వెళ్తున్నాను. దీపం పెట్టి వచ్చేస్తున్నాను. ఏమీ అడగడం లేదు. ఇంతకుముందు అడిగినవాటికి ఆమె ఏ జవాబిచ్చిందో నాకు ఇంకా తెలియలేదు.

నిన్న పెద్దకర్మ. మా ఇంట్లో విత్తనానికి దాచిన చోళ్ళుంటే విసిరించి అంబలి కాచాను. పిల్లలందరినీ పిలిపించాను. పద్దెనిమిదిమంది వచ్చారు. చీటీల్లేవు, జట్లు లేవు, ఎవరి చిప్ప వాళ్ళకు నిండా పోశాను. చిప్పలు పాతవే. బడి చూరులో దోపి ఉంచిన ఆ పన్నెండూ, ఇంకో ఆరు కొత్తవి.

అక్క చిప్ప గౌరి చేతికే వచ్చింది. నేను చూసి ఇవ్వలేదు, అలా వచ్చింది.

పిల్లలు గబగబా తాగేసి చిప్పలు నాకి బోర్లించారు. గౌరి మెల్లగా తాగింది. మధ్యలో ఒకసారి చిప్ప దించి లోపలికి చూసుకుంది. మళ్ళీ రెండు గుక్కలు తాగింది. సరిగా గీత దగ్గర ఆపేసి, మూతి తుడుచుకుని, చిప్ప పక్కన పెట్టి, ఈగలు వాలకుండా దాని మీద పనసాకు కప్పి కూర్చుంది.

"తాగెయ్యవే" అన్నాను.

"నాది తాగీసినానండి" అంది.

అప్ప